కొలత ఎవరి సొత్తు?

రబ్బరు చక్రములు రాకమునుపు, ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా తొడుగుట మన పల్లెలలో పదిమంది చేరి చూచు వేడుకగా నుండెడిది. కమ్మరి ముందుగా కఱ్ఱచక్రము చుట్టుకొలత తీసికొనెడివాడు. ఆ కొలతకంటె ఒక పిసరు తక్కువగా పట్టాను వంచి, కొనలు రెండును అతికి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చెడివాడు. కాగిన పట్టా సాగి చక్రముపైకి దిగెడిది. నీళ్లు గ్రుమ్మరింపగనే బుస్సుమని ఆవిరి లేచి, పట్టా బిగిసి, పూఠీలను ఆకులను కుంభమును ఒక్కటిగా పట్టివేసెడిది.

ఆ పట్టా పొడవెంత యని ఎవరైన ఆ కమ్మరి నడిగియున్నచో, ఆతడు అంగుళములు లెక్కపెట్టి చెప్పెడివాడు కాడు. చక్రమెంతయో అంత, దానికి రవంత తక్కువ యని చెప్పి ఊరకుండెడివాడు. ఈ సమాధానమున గొప్ప విషయ మిమిడియున్నది. పట్టాకు తనదని చెప్పుకొనుటకు ప్రత్యేకముగా కొలత యేదియు లేదు. చక్రముతో దానికి గల సంబంధమే దాని కొలత. చక్రము మారినచో పట్టాయును మారవలసినదే.

నేడు యంత్రములను రూపొందించు ఇంజనీర్లు కంప్యూటర్ తెరపై చేయుచున్న పనిలో చాలభాగము ఈ కమ్మరి మాటకు లెక్కల రూపమిచ్చుటయే. క్యాడ్ అను పొట్టిపేరుతో వ్యవహరింపబడు సాఫ్ట్‌వేర్‌లో, అనగా కంప్యూటర్ సాయముతో రూపకల్పన చేయు సాధనములలో, ఒక భాగము కొలతను దానికే విడిగా నిర్ణయింపక, అది యేయే భాగములతో కలియవలెనో ఆ కలయికనుండియే రాబట్టు పద్ధతి యొకటి కలదు. భాగములన్నియు కలిసిన మొత్తమును వారు అసెంబ్లీ యందురు. శాసనసభ కాదు సుమా. మన మిక్కడ కూర్పు అని పిలుచుకొందము. ఈ పద్ధతి ఎట్లు పుట్టినది, ఎందుకు పుట్టినది, దానివలన వచ్చిన చిక్కులేవి అను విషయములను ముచ్చటించుట మా ఉద్దేశము.

మన యిండ్లలో పూర్వము ప్రయాణమునకు మరచెంబు తీసికొనిపోవుట అలవాటు. ఒక చెంబు మూత మరియొక చెంబునకు పట్టకపోవుట చాలమందికి అనుభవమే. కంచరి ప్రతి మూతను దాని చెంబుపై త్రిప్పి చూచి, అవసరమైనచోట రాచి, సరిపెట్టెడివాడు. అందువలన ఆ రెండును ఒకదాని కొకటి అమరిన జంట. అది అందమే గాని, మూత పోయినచో చెంబు దండుగ. యూరపులో తుపాకులు చేయువారి స్థితియును పదునెనిమిదవ శతాబ్దమున ఇంతే. ప్రతి ముక్కను పక్క ముక్కకు సరిపోవునట్లు ఆకురాయితో రాచి కూర్చుట, యుద్ధభూమిలో ఒక ముక్క విరిగినచో తుపాకి మొత్తము మూల పడుట!

1785లో ఫ్రాన్సు దేశమున అమెరికా రాయబారిగానుండిన థామస్ జెఫర్సన్ పారిస్‌లో ఒక వింత చూచెను. ఓనొరె బ్లాంక్ అను తుపాకుల పనివాడు, తుపాకిలో నిప్పురవ్వ పుట్టించు యంత్రములను యాభైంటిని ముక్కలుగా విప్పి, ఏ రకపు ముక్కల నా రకపు అరలో పెట్టి చూపెను. జెఫర్సన్ చేతికందిన ముక్కను అందినట్లు తీసి కొన్నింటిని స్వయముగా కూర్చెను. అన్నియు చక్కగా అమరినవి. ఆ సంగతి నాతడు అదే సంవత్సరము ఆగస్టులో తన దేశమునకు జాబు వ్రాసి తెలియజేసెను. ముక్కలు ఒకదానితో నొకటి సరిచూచుకొనుట మాని, అన్నియు ఒకే కొలమానమునకు లోబడినందున ఇది సాధ్యమైనది. తరువాతి నూరేండ్లలో కర్మాగారములన్నియు ఈ మార్గమునే పట్టినవి. కుట్టుమిషను, సైకిలు, మోటారుకారు మన యింటికి వచ్చుటకు మూల మిదియే.

అయితే ఈ లాభముతో పాటు ఒక నష్టమును వచ్చినది. దానిని గూర్చి చెప్పువారు తక్కువ. కమ్మరి చేతిలో పట్టాకును చక్రమునకును కంటికి కనబడు సంబంధ ముండెడిది. నక్షాల కాలమున అది మాయమైనది. ఇరుసునకు ఒక కాగితము, ఇరుసు దూరవలసిన బెజ్జమునకు మరియొక కాగితము. ఒకదానిపై 50 మిల్లీమీటర్లని యుండును. రెండవదానిపై అంతకు వెండ్రుకవాసి ఎక్కువగా వ్రాసియుండును. ఈ రెండంకెలకు చుట్టరికమున్నదని కాగితమునకు తెలియదు. అది రూపకర్త తలలో నుండును. ఆతడు ఇరుసును 60కి పెంచి, బెజ్జము కాగితమును దిద్దుట మరచెనేని, ఆ పొరపాటు కర్మాగారములో ఇనుము కోసిన పిమ్మటగాని బయటపడదు. పెద్ద యంత్రమునకు వేలకొలది కాగితములు. ఒక కొలత మారినప్పుడు దానికి సంబంధించిన కాగితములన్నియు వెదకి దిద్దుటయే పనిగా గుమాస్తాలును చిత్తుపని చేయువారును జీవితములు గడపిన కార్యాలయములు ఎన్నియో.

తొలిదశలోని క్యాడ్ ఈ కష్టమును తీర్చలేదని గమనింపవలెను. కాగితమునకు బదులు తెర, పెన్సిలునకు బదులు మీటలు వచ్చినవి, అంతే. గీత గీతగానే యుండెను, అంకె అంకెగానే యుండెను. చిత్రమేమనగా, అసలు ఆలోచన అంతకు చాల ముందే, ఒక విద్యార్థి సిద్ధాంతవ్యాసమున సిద్ధమైయుండెను.

ఆ విద్యార్థి ఐవన్ సదర్లాండ్. అమెరికాలోని ఎం.ఐ.టి. అను సుప్రసిద్ధ విద్యాసంస్థకు 1963 జనవరిలో ఆతడు సమర్పించిన వ్యాసము పేరు స్కెచ్‌ప్యాడ్. అప్పటి కాతనికి ఇరువదినాలుగేండ్లు. లింకన్ ప్రయోగశాలలోని టి.ఎక్స్.-2 అను కంప్యూటర్ తెరపై కాంతికలముతో నాతడు గీతలు గీయగలిగెను. తెరపై గీయుటయే అప్పటికి అద్భుతము. కాని మా దృష్టిలో అంతకు మించిన అద్భుతము వేరొకటి. ఈ రెండు గీతలు సమాంతరముగా నుండవలెను, ఈ రెండును సమానమైన పొడవు గలవి కావలెను, ఈ మూల లంబకోణము కావలెను అని ఆతడు నిబంధనలు పెట్టుటకు వీలుండెను. చేయి వణికి వంకరగా గీసినను, నిబంధన పెట్టినంతనే బొమ్మ తనంత తాను సర్దుకొనెడిది.

ఎట్లు సర్దుకొనెడిది? నులకమంచము బిగించుట తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. ఒక పేట లాగినచో పక్క పేట వదులగును. దానిని లాగినచో మరియొకటి. చుట్టును తిరిగి తిరిగి కొంచెము కొంచెముగా లాగుచుండగా తుదకు అన్నియు నెమ్మదించును. సదర్లాండ్ పద్ధతులలో నొకటి అట్టిదే. ప్రతి నిబంధనయందును ఎంత తేడా మిగిలినదో లెక్కించి, బిందువులను రవ్వంత రవ్వంత జరుపుచు, మొత్తము తేడా తగ్గువరకు కంప్యూటర్ తిరుగాడుచుండును. ఆ వ్యాసములోనే మరియొక ముఖ్యమైన భావన కలదు. ఒక మూలచిత్రమును గీసి దాని ప్రతిరూపములను ఎన్నింటినైన పెట్టవచ్చును. మూలమును దిద్దినచో ప్రతిరూపము లన్నియు మారును. నేటి క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే బోల్టు నూరుచోట్ల కనబడుటకు పునాది ఇదియే.

గీతల మధ్య సంబంధమును గూర్చి ఇంతవరకు చెప్పుకొంటిమి. ఘనరూపము గల వస్తువుల మధ్య సంబంధమును పట్టినవారు అట్లాంటిక్ సముద్రమునకు ఇవతల, స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయము వారు. వారికి కావలసినది నక్షాలు గాదు, మరమనిషి. ఫ్రెడ్డీ అను ఆ యంత్రము 1973 నాటికే, కుప్పగా పోసిన కఱ్ఱముక్కలనుండి ఆటబొమ్మ కారును, పడవను కూర్చగలిగెను. కాని ప్రతి ముక్క ఎక్కడ ఎన్ని అంగుళముల దూరమున నుండవలెనో అంకెలతో చెప్పుట ప్రాణసంకటము. ఒక పిల్లవానికి చెప్పునప్పుడు మనము అంకెలు చెప్పము. ఈ పుల్లను ఆ బెజ్జములో దూర్చుము, ఈ ముఖము ఆ ముఖమునకు ఆనవలెను అందుము. పాట్ ఆంబ్లర్, రాబిన్ పాపుల్‌స్టన్ అనువారు 1975లో ప్రచురించిన వ్యాసమున సరిగా ఈ మాటలనే యంత్రమునకు నేర్పిరి. ఆనుట, దూరుట వంటి సంబంధములను చెప్పినచో, ఆయా వస్తువులు ఎక్కడ నుండవలెనో కంప్యూటర్ బీజగణితముతో తేల్చుకొనును. నేడు హైదరాబాదులోనో, స్టట్‌గార్ట్‌లోనో కూర్చున్న యువ ఇంజనీరు రెండు ముఖములను తాకి అవి ఆనవలెనని ఆజ్ఞాపించునప్పుడు, మరమనిషికై పుట్టిన ఆ భాషనే తానెఱుగకుండ మాటలాడుచున్నాడు.

ఇక్కడ ఒక భేదమును జాగ్రత్తగా గుర్తింపవలెను. ఆనుట, దూరుట అను సంబంధములు వస్తువుల స్థానమును మాత్రమే నిర్ణయించును, కొలతను కాదు. సన్నని ఇరుసును లావైన బెజ్జములో నిలిపి, రెండింటి నడిగీతలు కలిసినవి కదా యని కంప్యూటర్ తృప్తిపడును. చుట్టును ఎంత ఖాళీ యున్నను దానికి బాధ లేదు. సంబంధము కొలతను కూడ శాసింపవలెనన్నచో, అంకె మారగనే ఆకారము మారునట్టి వస్తువు ముందుగా కావలెను. ఎం.ఐ.టి.లోనే రాబర్ట్ లైట్, డేవిడ్ గోసార్డ్ అనువారు 1982లో ఆ దిశగా మార్గము చూపిరి. దానిని ప్రతి కర్మాగారమునకు చేర్చిన కీర్తి మాత్రము సామ్యూల్ గైస్‌బర్గ్‌ది.

గైస్‌బర్గ్ సోవియట్ దేశము విడిచి అమెరికాకు వచ్చిన గణితజ్ఞుడు. క్యాడ్ తయారుచేయు కంపెనీలలో పనిచేసి, 1985లో పారామెట్రిక్ టెక్నాలజీ అను సంస్థను స్థాపించెను. 1988లో వెలువడిన ఆ సంస్థవారి ప్రో/ఇంజనీర్ అను సాఫ్ట్‌వేర్ ఈ రంగమును తలక్రిందులు చేసినది. ఆతని పట్టుదల యొక్కటే: రూపకర్త మనసు మార్చుకొనుట వలన ఖర్చు దాదాపు సున్న కావలెను. అంతవరకు కొలత ఆకారమును వర్ణించెడిది. అప్పటినుండి కొలత ఆకారమును నడిపింపసాగెను. మూత వ్యాసము చెంబు మూతి వ్యాసమునకంటె అర మిల్లీమీటరు ఎక్కువ యని సమీకరణము వ్రాసినచో, చెంబును పెంచగనే మూతయును పెరుగును. దాని నక్షాలోని అంకెయును తానే మారును. 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చి ఈ విద్యను సామాన్యమైన విండోస్ కంప్యూటర్‌కు, చిన్న కార్ఖానాకు అందుబాటు చేసినది. నూరేండ్లుగా కాగితముపై అదృశ్యముగానున్న చుట్టరికము మరల కంటికి కనబడెను.

కనబడుటతో చుట్టరికములలోని తగవులును కనబడినవి!

కొలతను కూర్పునుండి రాబట్టుటకు రూపకర్తలు మూడు త్రోవలు త్రొక్కిరి. మూత-చెంబు సమీకరణము వంటిది మొదటిది. ఇది నిక్కచ్చియైనదే గాని, ఎవరెక్కడ ఏ సమీకరణము వ్రాసిరో గుర్తుండదు. రెండవది మిక్కిలి ఆకర్షణీయమైనది. చెంబును తెరపై నుంచుకొని, దాని అంచును తాకి, ఆ అంచునుండియే మూత బొమ్మను గీయుట. పనివాడు మూతను చెంబుపై పెట్టి గీటు గీసికొన్నట్లే. ప్రారంభమున ఎంతో హాయిగా నుండును. కొన్ని నెలలకు మూత చెంబుపై, చెంబు పిడిపై, పిడి మరల మూతపై ఆధారపడినట్లు తేలును. విత్తు ముందా, చెట్టు ముందా? కంప్యూటర్ ఒకసారి లెక్క వేసినప్పుడొక కొలతయు, మరల వేసినప్పుడు వేరొక కొలతయు చూపునట్టి వింతలు అప్పుడే పుట్టును.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. అదే మూతను రెండు రకముల చెంబులకు వాడదలచిరి. మొదటి చెంబు పెరిగినది. మూత దానిమాట విని పెరిగినది. రెండవ చెంబునకు చెడినది. ఒకే ఒరలో రెండు కత్తు లిముడునా? బోల్టువలె వేయి యంత్రములలో వాడు వస్తువు ఏ యొక్క యంత్రమునకును లోబడరాదు; దాని కొలత దానిదే కావలెను. ఎవరు స్వతంత్రులు, ఎవరు పరతంత్రులు అని నిర్ణయించుట రూపకర్తకు నేడు లెక్కలకంటె కష్టమైన పని. సాలిడ్‌వర్క్స్‌లో ఇట్లు పరాధీనమైన భాగము పేరు పక్కన చిన్న బాణపుగుర్తు కనబడును. యజమాని కూర్పు తెరచియుండనప్పుడు బాణము పక్కన ప్రశ్నార్థకము, సంబంధమును తాళము వేసి నిలిపినప్పుడు నక్షత్రము, త్రెంచివేసినప్పుడు అడ్డగీటుల గుర్తు వచ్చును. వస్తువు తయారీకి పోవుటకు ముందు ఇట్టి బాణములన్నింటికి తాళము వేయవలెనని నియమము పెట్టుకొన్న కార్యాలయములు కలవు. అది తెలివైన పని యని మా అభిప్రాయము. అచ్చునకు పోయిన పుస్తకములో ప్రూఫులు దిద్దుచు కూర్చుండరాదు గదా.

మూడవ త్రోవకు అస్థిపంజరమని పేరు. పేరు భయంకరమే గాని భావన మన మేస్త్రీ ఎఱిగినదే. ఇల్లు కట్టుటకు ముందు నేలపై ముగ్గు పోయుదురు. తూర్పుగోడ పడమటిగోడను చూచి లేవదు. రెండును ముగ్గును చూచి లేచును. అట్లే యంత్రమునకు ముందుగా ముఖ్యమైన అక్షములు, తలములు, దూరములు మాత్రమే గల ఒక సన్నని చట్రమును గీసి, భాగములన్నియు తమ కొలతలను దానినుండియే తీసికొనవలెను, ఒకదానినుండి మరియొకటి తీసికొనరాదు అని కట్టడి చేయుదురు. అధికారము పైనుండి క్రిందికే ప్రవహించును. చుట్టు తిరిగి వచ్చుటకు దారి లేదు. పదిమంది పదిచోట్ల పనిచేసినను ఒకరి తప్పు మరియొకరికి అంటదు. పెద్ద యంత్రములకు ఇంతకంటె మంచి మార్గము మాకు కనబడలేదు. అయితే ముగ్గు వేయువానికి ఇల్లంతయు ముందుగనే మనసున నుండవలెను. ఆ ఓపిక అందఱికి నుండదు.

ఇవన్నియు తెరముందు కూర్చున్నవారి తగవులని శ్రోతలు భావింపవచ్చును. విమానముల చరిత్ర చూడుడు. బోయింగ్ సంస్థ 1990లో ప్రారంభించిన 777 విమానమును పూర్తిగా కంప్యూటర్‌లోనే రూపొందించెను. అంతకుముందు నిలువెత్తు నమూనాను కఱ్ఱతోను లోహముతోను కట్టి, గొట్టములు తీగెలు ఎక్కడ తగులుకొనునో చూచెడివారు. ఈసారి తెరపైననే భాగములను కూర్చి చూచిరి. మొదటి విమానము అమరికలో వచ్చిన తేడా అంగుళములో వేయింట 23 వంతులు మాత్రమే యని, అది పేకముక్క మందమని ఆ సంస్థ ప్రకటించెను. 1994 జూన్ 12న అది గాలిలోని కెగిరెను. కాని ఆ పద్ధతి ప్రధానముగా తగులాటలను పట్టుకొనుటకైనది. ఒక భాగపు మార్పును మరియొకదానికి చేరవేయు బాధ్యత చాలవరకు మనుష్యులదే. కలిసి కూర్చున్న బృందములు, ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే రకపు ఫైళ్లు వారిని కాపాడినవి.

ఆ కాపుదల లేనిచో ఏమగునో ఎయిర్‌బస్ ఎ380 చూపినది. రెండంతస్తుల ఆ మహావిమానములో సుమారు 500 కిలోమీటర్లకు పైగా తీగెలు కలవు. తీగె పొడవు తనదికాదు. అది పోవు దారిది. దారి మూల తిరిగినచో, ఒక కమ్మి జరిగినచో తీగె పెరుగవలెను. జర్మనీలోని హాంబర్గ్‌లో కాటియా అను సాఫ్ట్‌వేర్ నాలుగవ సంపుటిని వాడుచుండిరి. ఫ్రాన్సులోని టులూజ్‌లో అయిదవదానిని. రెండింటి ఫైళ్లు ఒకదానికొకటి సరిగా అర్థము కాకుండెను. ఒకచోట చేసిన మార్పు రెండవచోటి తీగెల లెక్కకు సరిగా చేరలేదు. దీనికితోడు ప్రతి విమానసంస్థయు లోపలి అమరికను తనకు నచ్చినట్లు కోరుచుండెను. హాంబర్గ్ నుండి టులూజ్‌కు వచ్చిన విమానపు మేనిలో తీగెలకట్టలు చాలక నిలిచినవి. కమ్మరి ఒక చక్రమును కొలిచి, పట్టాను వేరొక చక్రమునకు తొడుగబోయినట్లయినది. వందలకొలది జర్మను పనివారు టులూజ్‌కు పోయి తీగెలను చేతితో విప్పి మరల పఱచిరి. 2006లో ఆలస్యమును ప్రకటింపగనే మాతృసంస్థ వాటాల ధర కూలినది. ఆ జూలైలో ఎయిర్‌బస్ అధిపతియు, మాతృసంస్థ సహాధిపతులలో నొకరును పదవులు వదలిరి. మొదటి విమానము 2007 అక్టోబరు 15న సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు చేరునప్పటికి అనుకొన్న కాలము దాటి దాదాపు రెండేండ్లు గడచెను. 2021లో ఆ విమానముల తయారీయే ముగిసినది. ముగియుటకు కారణములు వేరు, ప్రధానముగా అంత పెద్ద విమానమునకు గిరాకీ లేకపోవుట. కాని ఆ రెండేండ్ల నష్టము తీగెలనుండి వచ్చినదే.

మన ప్రాంతమునకును ఈ కథతో నేటి సంబంధ మొకటి కలదు. హైదరాబాదునకు చేరువనున్న ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థలు కలిసి స్థాపించిన కర్మాగారము 2018లో ప్రారంభమైనది. అపాచీ అను హెలికాప్టరు మేను అక్కడ తయారగును. తుది కూర్పు మాత్రము అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, మీసా నగరములో. ఆదిభట్ల పనివాడు తాను తొలిచిన బెజ్జములో దూరబోవు బోల్టును ఆ దినమున చూడడు. మీసా పనివాడు ఆ బెజ్జము తొలిచినవానిని చూడడు. చక్రమును ఎదుట పెట్టుకొని పట్టాను వంచుటకు వీలులేని పని యిది. రెండు చోట్లకును ఒకే ముగ్గు ఉన్నది. అది బోయింగ్ వారి కొలతల చట్రము. ఏదైన ఒక కొలత మార్చవలసి వచ్చినచో ఆదిభట్లలో ఎవరును తమంత తాము మార్చరు. ముందుగా ఆ చట్రములో మార్చి, అక్కడనుండి రెండు చోట్లకును పంపుదురు.